తూటా తగలని వాళ్ల కథ

అమెరికాలో తుపాకీ పేలిన ప్రతిసారీ నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ఇళ్లలో ఫోన్లు మోగుతున్నాయి. తుపాకీ కింద బతకడం అంటే ఏమిటో ఈ రెండు జిల్లాలు ఎప్పుడో చూశాయి.

2005 ఆగస్టు 15. పాలమూరు జిల్లా నారాయణపేటలోనూ అన్ని ఊళ్లలో లాగే పొద్దున్నే జెండా ఎగిరింది. మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి ఒక కార్యక్రమం కోసం పట్టణానికి వచ్చారు. చుట్టూ కార్యకర్తలు, మున్సిపల్ సిబ్బంది, పనుల మీద వచ్చిన జనం. మావోయిస్టులు అక్కడే, అందరూ చూస్తుండగా కాల్పులు జరిపారు. నర్సిరెడ్డి, ఆయన కుమారుడు వెంకటేశ్వర్‌రెడ్డి, మున్సిపల్ కమిషనర్, మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండు రోజుల తర్వాత, ఆగస్టు 17న, ప్రభుత్వం మావోయిస్టు పార్టీ మీద మళ్లీ నిషేధం విధించింది.

2022 జులై 4. అమెరికాలో షికాగోకు ఉత్తరాన ఉన్న హైలాండ్ పార్క్ అనే చిన్న పట్టణం. అది వాళ్ల స్వాతంత్ర్య దినం. వీధి పొడవునా కుర్చీలు వేసుకుని, పిల్లల చేతికి చిన్న జెండాలిచ్చి, జనం ఊరేగింపు చూస్తున్నారు. ఒక దుకాణం డాబా ఎక్కిన యువకుడు చట్టప్రకారం కొనుక్కున్న రైఫిల్‌తో 80కి పైగా తూటాలు కాల్చాడు. ఏడుగురు చనిపోయారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు.

ఈ రెండు ఘటనల కారణాలకు పొంతన లేదు. ఒకచోట ఒక రాజకీయం ఉంది, దానికి ఒక చరిత్ర ఉంది. రెండోచోట ఎవరి మీద కక్షో కూడా తెలియని కాల్పులు. అయినా రెండు చోట్లా తుపాకీ ఎంచుకున్నది ఒకే సందర్భం. ఊరంతా ఇళ్లు వదిలి ఒకచోట చేరే రోజు. పేరూ కులమూ పక్కనపెట్టి మనిషి పౌరుడిగా వీధిలో నిలబడే రోజు. అక్కడ కాల్పులు జరిగాయంటే మరుసటి ఏడాది జెండా పండక్కి పిల్లల్ని పంపాలా వద్దా అని ప్రతి ఇంట్లోనూ ఒక ఆలోచన మొదలవుతుంది. ఆ ఆలోచనను ఏ ఎఫ్ఐఆర్‌లోనూ రాయరు. చనిపోయిన వాళ్ల లెక్క ప్రభుత్వాలు తేలుస్తాయి. తూటా తగలకపోయినా నడిచే దారి మార్చుకున్న వాళ్లు, మాట్లాడటం మానేసిన వాళ్లు, నామినేషన్ వేయకుండా ఇంట్లో కూర్చున్న వాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టరు. ఈ కథనం వాళ్ల గురించి.

ఊరు మాట్లాడటం మానేసిన రోజులు

నలభై దాటిన నల్లగొండ, పాలమూరు వాళ్లను 1990ల గురించి అడిగి చూడండి. చాలామంది ముందుగా చెప్పేది ఎన్‌కౌంటర్ల గురించో మందుపాతర్ల గురించో కాదు, పొద్దు గుంకడం గురించి. చీకటి పడిందంటే తలుపులు బిడాయించుకునేవాళ్లు. ఊరికి వచ్చి రాత్రికి అక్కడే ఆగే నైట్ హాల్ట్ బస్సును చాలా రూట్లలో ఆర్టీసీ ఆపేసింది. ఆ బస్సు ఆగితే ఏమవుతుందో పట్నంలో ఉన్నవాళ్లకు తెలియదు. తెల్లవారి ఆరింటికల్లా దేవరకొండ దవాఖానకు చేరాల్సిన ముసలాయన పోలేడు. అచ్చంపేట కాలేజీకి పోయే పిల్ల చదువు మానేస్తుంది. కూరగాయల గంప మార్కెట్‌కు చేరదు. ఒక్క తూటా పేలకుండానే ఊరు వెనక్కి పోతుంది.

రాత్రి నక్సలైట్ల దళం వచ్చి అన్నం అడుగుతుంది. పెట్టకపోతే అన్నలకు కోపం. పెడితే పొద్దున పోలీసులు వచ్చి ఎవరికి వండావని అడుగుతారు. ‘ఇన్‌ఫార్మర్’ అనే మాట ఒక మనిషి మీద పడితే, అది నిజమో అబద్ధమో తేల్చే చోటు ఊళ్లో ఉండదు. అందుకే ఎవరూ ఏమీ చూడనట్టు, ఏమీ విననట్టు ఉండటం నేర్చుకున్నారు. రచ్చకట్ట మీద పంటల ముచ్చట్లు, పెళ్లిళ్ల ముచ్చట్లు సాగేవి కానీ రోడ్డు పని ఎందుకు ఆగింది, పంచాయతీ డబ్బులు ఎటు పోయాయి అని అడిగే గొంతు మాత్రం లేదు. ఆ ప్రశ్న అడిగినవాడు ఎవరి మనిషి అన్న అనుమానం ముందు పుట్టేది.

ఆ రోజుల పత్రికల జిల్లా పేజీలు తిరగేస్తే ఒక రకం ప్రకటనలు కనిపిస్తాయి. ఫలానా గ్రామ సర్పంచ్‌నైన నేను నా పదవికీ, పార్టీ ప్రాథమిక సభ్యత్వానికీ రాజీనామా చేస్తున్నాను, ఇకపై ఏ రాజకీయాలతోనూ నాకు సంబంధం లేదు అని రెండు మూడు వరుసలు. కింద పేరు, ఊరు. ఊరి జనం ఓట్లేసి గెలిపించిన మనిషి తాను ఇక ఎవరికీ ప్రతినిధిని కానని డబ్బు కట్టి అచ్చు వేయించుకున్నాడు. ప్రజాస్వామ్యం మీద తుపాకీ పెత్తనాన్ని ఇంతకంటే సూటిగా చెప్పే పత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

ప్రభుత్వం వైపు తుపాకీ కూడా తక్కువ పని చేయలేదు. ఇసుక బస్తాలు, ముళ్ల కంచెలు, ఎత్తు గోడల మధ్య ఉన్న పోలీస్ స్టేషన్‌లోకి భూమి తగాదా చెప్పుకోవడానికి పోయే ధైర్యం ఏ రైతుకు ఉంటుంది? కూంబింగ్ పేరుతో నల్లమలలో చెంచు పెంటలను జల్లెడ పట్టినప్పుడు తేనెకు, గడ్డలకు అడవిలోకి పోవడమే అనుమానం కిందికి వచ్చింది. ఎన్‌కౌంటర్ జరిగాక శవం కోసం వచ్చిన తల్లిదండ్రులను ఓదార్చడానికి పక్కింటి వాళ్లు కూడా భయపడ్డారు. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక 1997 నుంచి రెండు వైపుల వాళ్లతోనూ మాట్లాడుతూ వచ్చింది ఈ మధ్యలో నలిగిన జనం గురించే. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగినప్పుడు కూడా తేలని పెద్ద ముడి ఇదే: దళాలు ఆయుధాలతో ఊళ్లలోకి రావచ్చా, రాకూడదా? మూడు నెలలు తిరగకముందే ఆ చర్చలు చెడిపోయాయి. ఆ తర్వాత ఏడు నెలలకు నారాయణపేట.

ఒకసారి ఊళ్లోకి వచ్చిన తుపాకీ మొదట తెచ్చిన వాళ్లతోనే ఆగదు. భువనగిరికి చెందిన నయీం ఒకప్పుడు నక్సలైటు. లొంగిపోయాక అదే తుపాకీతో భూముల సెటిల్‌మెంట్లకు దిగాడు. ప్లాట్లు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు, మధ్యవర్తులు ఏళ్ల తరబడి బెదిరింపుల కింద బతికారు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో అతను చనిపోయాక గానీ ఫిర్యాదులు బయటికి రాలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టే చెయ్యి కూడా తుపాకీకి భయపడి కదిలిన కాలం అది.

గౌరవమూ ఉంది

నల్లగొండకు తుపాకీతో ఉన్నది భయం ఒక్కటే అని రాస్తే అది అబద్ధం. 1946 జులై 4న, అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న కడవెండిలో, ఊరేగింపుగా వస్తున్న రైతుల మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ రోజు రైతుల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. తుపాకులు తర్వాత వచ్చాయి. వెట్టికీ, రజాకార్లకూ ఎదురు నిలబడటానికి ఇంకో దారి కనపడని రోజుల్లో వచ్చాయి. తలకు పదివేల వెల కట్టిన మల్లు స్వరాజ్యం తన ఆత్మకథకు ‘నా మాటే తుపాకీ తూటా’ అని పేరు పెట్టుకున్నారు. ఈ నేల మీద పుట్టిన ఎవరికైనా ఆ కథలు వింటే ఒళ్లు పులకరిస్తుంది. నాకూ అంతే.

అమెరికా వాళ్ల తుపాకీ మోజును తేలిగ్గా తీసిపారేసే ముందు ఇది గుర్తుంచుకోవాలి. వాళ్లకూ ఒక కడవెండి ఉంది. 1775లో లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైన్యానికి ఎదురు నిలిచింది సొంత తుపాకులు పట్టుకున్న రైతులు. 1791లో రాజ్యాంగానికి చేర్చిన రెండో సవరణ ఆ జ్ఞాపకంలోంచే పుట్టింది. టెక్సాస్‌లో ఒక తాత తన మనవడికి వేట రైఫిల్ ఇస్తున్నప్పుడు దాన్ని ఆస్తిలాగా, స్వేచ్ఛలాగా ఇస్తాడు. ఆ మనసు అర్థం చేసుకోకుండా అమెరికాలో తుపాకీ ఎందుకు పోదని అడిగితే జవాబు దొరకదు.

తేడా ఆ తర్వాత నల్లగొండ చేసిన పనిలో ఉంది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు. మరుసటి ఏడాది తొలి సార్వత్రిక ఎన్నికలు. నల్లగొండ నుంచి నిలబడిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. నిన్నటి దాకా అజ్ఞాతంలో ఉన్న మనిషిని జనం క్యూ కట్టి ఓటేసి ఢిల్లీకి పంపారు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు వెళ్లారు. తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి ఎమ్మెల్యేగా గెలిచారు. ఒక తరం తన గౌరవాన్ని ఆయుధం మీద నుంచి తీసి ఓటు మీద పెట్టుకుంది. అది ఒక్కసారితో తెగిపోయిన వ్యవహారం కాదు, కొన్ని దశాబ్దాల తర్వాత తుపాకీ మళ్లీ వచ్చిందని పైన చెప్పుకున్నాం. కానీ ఓటు రుచి తెలిసిన జనం కాబట్టే రెండోసారి కూడా దాని నుంచి బయటపడ్డారని నేను నమ్ముతాను. 2023 శాసనసభ ఎన్నికల్లో మావోయిస్టు ప్రభావం కారణంగా సాయంత్రం నాలుగింటికే పోలింగ్ ముగించిన నియోజకవర్గాలు పదమూడు. అవన్నీ ఉత్తరాన, గోదావరి వైపువి. నల్లగొండలో, పాలమూరులో ఒక్కటీ లేదు. ఆ ఎన్నికల్లోనే నారాయణపేట నుంచి గెలిచిన పర్ణికారెడ్డి, 2005లో తాతనూ తండ్రినీ ఒకే రోజు పోగొట్టుకున్న అమ్మాయి.

మన దగ్గర ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్స్ ఉన్న తుపాకులను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలని ఉత్తర్వు వస్తుంది. పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త, ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో 2022 అక్టోబరులో అరిజోనా రాష్ట్రం మెసా పట్టణంలో, ఓటర్లు బ్యాలెట్లు వేసే పెట్టె దగ్గర ముసుగులు, ఆయుధాలతో మనుషులు కాపలా కాశారు. ఓటర్లు భయపడి ఫిర్యాదు చేస్తే ఫెడరల్ జడ్జి ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. ఓటు పెట్టె దగ్గర తుపాకీ నిలబడితే ఎవరు వెనక్కి తిరుగుతారో నల్లగొండ ఓటరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాత్రి కౌంటర్

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి వద్దాం. మిర్యాలగూడ, కల్వకుర్తి, షాద్‌నగర్, సూర్యాపేట, ఏ ఊళ్లో అడిగినా అమెరికాలో చదువుతున్న పిల్లలున్న ఇళ్లు పక్కపక్కనే దొరుకుతాయి. బ్యాంకు లోన్‌తో, పొలం తాకట్టుతో, కొన్నిచోట్ల అమ్మిన ఎకరంతో వెళ్లిన పిల్లలు.

2025 మార్చిలో విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీలో చనిపోయిన ఎంఎస్ విద్యార్థిది కేశంపేట మండలం, 2016 దాకా అది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఒంటి మీద తూటా గాయాలున్నాయని ఇంటివాళ్లకు కబురు వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో డల్లాస్ ప్రాంతంలో గ్యాస్ స్టేషన్‌లో రాత్రి పని చేస్తున్న ఎల్బీనగర్ కుర్రాణ్ని దుండగుడు కాల్చి చంపాడు, అతను ఇక్కడ డెంటల్ డిగ్రీ చేసి పోయినవాడు. 2024 నవంబరులో షికాగోలో ఖమ్మం కుర్రాడు, అదీ గ్యాస్ స్టేషన్‌లోనే. 2018 జులైలో కాన్సస్ సిటీలో రెస్టారెంట్‌లో పని చేస్తున్న వరంగల్ కుర్రాడు.

ఈ చావుల్లో ఎక్కువ భాగం ఒకే రకమైన చోట జరగడం యాదృచ్ఛికం కాదు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి చదువు సాగుతున్నంత కాలం క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మాత్రమే పని చేయాలి. క్యాంపస్‌లో ఉద్యోగాలు అందరికీ దొరకవు. ఇంటి దగ్గర వడ్డీ ఆగదు. అందుకని తెలిసినవాళ్ల ద్వారా గ్యాస్ స్టేషన్‌లో, మోటల్‌లో, చిన్న దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడతారు. అనుమతి లేని పని కాబట్టి ఎవరూ వద్దనుకునే రాత్రి షిఫ్ట్ వాళ్లకు వస్తుంది. గల్లాపెట్టెలో నగదు ఉంటుంది, వీధిలో మనుషులుండరు, దోచుకోవడానికి వచ్చినవాడి చేతిలో తుపాకీ ఉంటుంది. బెదిరింపు వచ్చినా 911కు ఫోన్ చేయడానికి వెనకాడతారు, పోలీసులు వస్తే ముందు నువ్వెందుకు ఇక్కడున్నావని అడుగుతారేమోనని. పౌరుడికి ఉండే రక్షణ లేకుండా, పౌరుడికి ఉండే ప్రమాదం మాత్రం మీదేసుకుని నిలబడే చోటు అది. ఏజెంట్లు, కన్సల్టెన్సీలు వీసా ఇంటర్వ్యూ గురించి గంటలు గంటలు చెబుతాయి. ఈ కౌంటర్ గురించి ఒక్క నిమిషం చెప్పవు.

తర్వాత శవం ప్రయాణం మొదలవుతుంది. అక్కడి డెత్ సర్టిఫికెట్, శవాన్ని చెడిపోకుండా భద్రపరిచినట్టు ఎంబామింగ్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు రద్దు, భారత కాన్సులేట్ అనుమతి, కార్గో బుకింగ్. హత్య కేసు కాబట్టి పోస్టుమార్టం అయ్యేదాకా కదలదు. తానా, ఆటా, నాట్స్ వంటి అక్కడి తెలుగు సంఘాల వాలంటీర్లు పని మానుకుని తిరిగి ఇవన్నీ చేయిస్తారు, ఫండ్‌రైజింగ్ పేజీ పెడతారు, వాళ్లకు ఎంత దండం పెట్టినా తక్కువే. అప్పటిదాకా ఇంటి ముందు టెంటు కింద కుర్చీలు అలాగే ఉంటాయి. వచ్చినవాళ్లు ఏం మాట్లాడాలో తెలియక ఏ రోజుకు వస్తదంట అని అడుగుతుంటారు. శంషాబాద్‌లో దిగిన పెట్టె జాతీయ రహదారి మీద షాద్‌నగర్ వైపు తిరుగుతుంది.

2025 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ కుర్రాడొకరు కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఇంట్లో గొడవ, కత్తిపోట్లు అని కాల్ రావడంతో వెళ్లామని పోలీసులు చెప్పారు. కొడుకు చనిపోయిన సంగతి తండ్రికి తెలియడానికి దాదాపు రెండు వారాలు పట్టింది. చాలా ఇళ్లలో తుపాకీ ఉండే దేశంలో పోలీసు కూడా ప్రతి తలుపు వెనకా తుపాకీ ఉందనుకునే పోతాడు. ఆ అనుమానం అందరికంటే ముందు భాష, యాస వేరుగా ఉన్న మనిషి మీద పడుతుంది.

ఇక ద్వేషం వేరు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో, పని ముగించుకుని బార్‌లో కూర్చున్న శ్రీనివాస్ కూచిభొట్లను నా దేశం వదిలి పొమ్మంటూ ఒకడు కాల్చి చంపాడు. నిందితుడికి యావజ్జీవ శిక్ష పడింది. శ్రీనివాస్ భార్య సునయన దుమాల ఆ దేశం వదలలేదు. ‘ఫరెవర్ వెల్‌కమ్’ పేరుతో వలస వచ్చినవాళ్ల గురించి స్థానికులతో మాట్లాడే పని మొదలుపెట్టారు. తుపాకీ మూయించిన నోటిని మళ్లీ తెరిపించే ప్రయత్నాల్లో నేను ఎక్కువ గౌరవించేది దాన్నే.

మెరిసే బూట్లు

మిర్యాలగూడలో నాకు తెలిసిన ఒక టీచరమ్మ ఉన్నారు. రిటైరయ్యాక ఆరు నెలలు కూతురి దగ్గర డల్లాస్ శివారులో ఉండి వచ్చారు. మనవరాలికి అప్పుడు ఐదేళ్లు. నడిస్తే మడమల దగ్గర లైట్లు వెలిగే బూట్లు కొనిచ్చారు. కూతురు వాటిని అల్మారాలో పెట్టేసింది.

“ఏందే, పిల్ల ముచ్చటపడ్డది గదా అంటే, అమ్మా, బడికి అవి వద్దే అన్నది. ఎందుకు వద్దు? డ్రిల్లు చేపిస్తరంట. టీచర్ లైట్లు ఆర్పి తలుపుకు తాళమేస్తదంట. పిల్లలందరు ఒక మూలకు పోయి కిక్కురుమనకుండ కూసోవాలె. బూట్ల లైట్లు వెలిగితే తుపాకోడు చూస్తడని వద్దన్నది. ఐదేండ్ల పిల్లకు గది నేర్పిస్తున్నరు.”

అమెరికా ప్రభుత్వ బడుల్లో దాదాపు 95 శాతం ఇలాంటి లాక్‌డౌన్ డ్రిల్లులు చేయిస్తున్నాయి. 1999లో కొలంబైన్, 2012లో శాండీ హుక్, 2022లో యువాల్డి, ప్రతి బడి కాల్పుల తర్వాత ఆ కసరత్తు ఇంకాస్త పెరిగింది. 2020 నుంచి అక్కడ ఏడాది దాటిన పిల్లలు, టీనేజీ వాళ్ల మరణాలకు మొదటి కారణం తుపాకీ. రోడ్డు ప్రమాదాలు రెండో స్థానానికి పోయాయి. 2023లో కేఎఫ్ఎఫ్ అనే సంస్థ చేసిన సర్వేలో పెద్దవాళ్లలో సగానికి పైగా, తమకో తమ ఇంటివాళ్లకో తుపాకీతో ఏదో ఒక చేదు అనుభవం ఉందన్నారు. ఐదుగురిలో ఒకరిని ఎవరో తుపాకీ చూపి బెదిరించారు. అంటే సూపర్ మార్కెట్‌లో, గుడి పార్కింగ్‌లో, సినిమా హాల్లో పక్కన నిలబడిన మనిషిని చూసే చూపు మారిపోయిందని అర్థం. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో ఒక తెలుగు ఇంజినీరు ఉంది. శనివారం షాపింగ్‌కు పోయిన అమ్మాయి. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో వారాంతం మాల్‌కు పోయేముందు బయటికి దారులు ఎక్కడెక్కడున్నాయో చూసుకోవడం అలవాటైందని టీచరమ్మ కూతురు చెప్పిందట.

అమెరికాలో వంద మంది జనాభాకు 120 తుపాకులు అని 2017లో స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా. మన దేశంలో ఐదు. 2023లో అక్కడ తుపాకీతో పోయిన ప్రాణాలు 46 వేలకు పైన. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సగానికి పైగా ఆత్మహత్యలు. ఈ సంగతి నల్లగొండ, పాలమూరు పత్తి రైతుల ఇళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది. అప్పులవాడు వాకిట్లో తిట్టిపోయిన ఆ గంటలో చేతికి అందేంత దూరంలో పురుగుమందు డబ్బా ఉంటే ప్రాణం పోతుంది, లేకపోతే తెల్లవారే సరికి మనసు మారుతుంది. శ్రీలంక అతి విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోతే రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యలు మూడింట రెండొంతులకు పైగా తగ్గాయి. చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడన్న మాట అక్కడ అబద్ధమైంది. తుపాకీ విషయంలో ఇది మరీ నిజం. తుపాకీతో ప్రయత్నించిన వాళ్లలో పదిమందిలో తొమ్మిది మంది బతకరు. 2024 జూన్‌లో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి, మన పక్క కర్ణాటక మూలాలున్న డాక్టరు, తుపాకీ హింసను ప్రజారోగ్య సంక్షోభంగా ప్రకటించింది ఇందుకే. 2022 జూన్‌లో ఒకే వారంలో అక్కడి సుప్రీంకోర్టు ఇంటి బయట కూడా తుపాకీ వెంట ఉంచుకునే హక్కును బలపరిచింది, కాంగ్రెస్ దాదాపు మూడు దశాబ్దాల తర్వాత ఒక తుపాకీ భద్రత చట్టం చేసింది. దేశం ఎటు లాగుతోందో తేల్చుకోలేని స్థితి ఆ వారంలో కనిపిస్తుంది.

చటాన్‌పల్లి

ఇంతా రాసి మన ఊళ్లలో తుపాకీ మోజు పోయిందంటే నాకు నిద్ర పట్టదు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువ డాక్టరుపై అత్యాచారం, హత్య కేసులో పట్టుబడిన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. ఆ అమ్మాయికి జరిగింది తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ కోపం న్యాయమైనది. కానీ ఆ పొద్దున వంతెన మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు. స్వీట్లు పంచారు. చనిపోయిన నలుగురూ నారాయణపేట జిల్లా వాళ్లు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. పదిమంది పోలీసులపై హత్య కేసు విచారణ జరగాలంది. కోర్టులో నేరం రుజువై, అసలు ఏం జరిగిందో ఆ అమ్మాయి తల్లిదండ్రులు జడ్జి నోట వినే హక్కు ఆ పొద్దున పోయింది. కోర్టు ఆలస్యం చేస్తుందని తుపాకీని మెచ్చుకున్న నాడు మనం మెచ్చుకున్నది, సర్పంచ్‌తో పేపర్లో రాజీనామా రాయించిన ఆ పెత్తనాన్నే. ఎన్‌కౌంటర్ చేయాలని ఫేస్‌బుక్‌లో రాసే చదువుకున్న కుర్రాళ్లలో చాలామంది ఇప్పుడు తుపాకుల దేశంలో ఉన్నారు. వాళ్లు ఈ రెంటినీ కలిపి ఆలోచించాలని నా కోరిక.

అమెరికా చట్టాలు మార్చే ఓటు ఇక్కడి అమ్మానాన్నలకు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు ఉంది. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో, ఇల్లినాయిలో కొన్ని పట్టణాల స్కూల్ బోర్డు ఎన్నికల్లో వాళ్ల ఓట్లు ఫలితాన్ని మార్చగలవు. ఇంట్లో తుపాకీకి తాళం తప్పనిసరి చేయడం, కొనేవాడి నేపథ్యం పరిశీలించడం, రాత్రి కౌంటర్లకు గ్లాసు అడ్డు పెట్టించడం వంటివి రాష్ట్రం స్థాయిలో, నగరం స్థాయిలో తేలే విషయాలు. మన సంఘాల బలం చావు తర్వాత శవం పంపడంలో కనిపించినంతగా, చావు రాకుండా నగర పాలక సభలో మాట్లాడటంలో నాకు కనిపించలేదు. విరాళాల కోసం ఊరూరా తిరిగే వాళ్లకు సభలో మైకు దగ్గర మూడు నిమిషాలు నిలబడటం కష్టమేమీ కాదు.

2022 జులై 1 నుంచి 3 దాకా వాషింగ్టన్ డీసీలో ఆటా మహాసభలు జరిగాయి. మర్నాడే హైలాండ్ పార్క్. మన పెద్ద సభలు ఎక్కువగా ఆ జులై మొదటి వారంలోనే వస్తాయి. వేల మంది వస్తారు, ఇక్కడి మంత్రులు, ఎమ్మెల్యేలు, సినిమావాళ్లు విమానమెక్కి పోతారు. వచ్చే సభల్లో ఒక పూట దీనికి ఇవ్వండి. కేశంపేట, ఎల్బీనగర్, ఖమ్మం, వరంగల్ ఇళ్ల నుంచి ఎవరైనా వచ్చి మాట్లాడతామంటే వేదిక ఇవ్వండి. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే విద్యార్థులను పేరు అడగకుండా మాట్లాడనివ్వండి. ఆ ప్రాంతం ప్రతినిధులను, రిపబ్లికన్ అయినా డెమొక్రాట్ అయినా, పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టి, తుపాకీ గురించి మీరేం చేస్తారో చెప్పమని తెలుగు ఓటర్లుగా అడగండి.